లోపలికి ఎప్పుడూ ఇద్దరే

మందుల గోడౌన్‌లో కోల్డ్ రూమ్ పక్కనున్న సూపర్‌వైజర్ గది. మధ్యాహ్నం. బల్లకి ఒకవైపు సూపర్‌వైజరు, మరోవైపు కంపెనీకి కొత్త నెట్‌వర్క్ డిజైన్ చేయడానికి వచ్చిన అమ్మాయి.

"అది కాదమ్మా. నేను చెప్తాను, నువ్వు రాసుకుంటావు, పోతావు. తర్వాత? ఇదివరకూ ఇంతే."

"ఇదివరకు వచ్చింది మేం కాదండీ. వేరే కంపెనీ వాళ్లు."

"ఎవరైతేనేం. ఆరేళ్ల కింద ఒకాయన వచ్చాడు. కళ్లజోడాయన. ఇదే కుర్చీ, ఇవే ప్రశ్నలు. ఎన్ని కంప్యూటర్లు, ఎంతమంది మనుషులు, ఎవరికేం కావాలి. నోరు నొప్పెట్టేదాకా చెప్పాను. గోడకి చెప్పుకున్నట్టయింది."

"పోనీ ఇప్పుడూ గోడకే చెప్తున్నాననుకోండి. ఎన్ని కంప్యూటర్లు?"

"మాటకారివే. ఏడు. అందులో బతికున్నవి అయిదు."

"మనుషులు?"

"ఇరవైయారు."

"పొద్దున గేటు దగ్గర రిజిస్టరు చూశాను. ఇరవైరెండే ఉన్నాయి పేర్లు."

"అయితే నన్నెందుకు అడగడం? కాగితం మీద ఇరవైయారు. మానేసిన నలుగురి బదులు ఎవర్నీ తీసుకోలేదు. ఆరేళ్లయింది. అప్పట్నుంచీ వస్తారు వస్తారు అంటూనే ఉన్నారు."

"కాగితం మీద లెక్క హెడ్డాఫీసు వాళ్లు ఇచ్చారండీ. నాకు కావల్సింది ఇక్కడ నిజంగా జరిగేది. అది తెలియకపోతే తప్పు డిజైన్ గీస్తాను."

"నిజంగా జరిగేదా. సరే, అడుగు."

"స్కానర్లు?"

"పిస్తోలులా ఉంటాయే, అవేనా? తొమ్మిది. బయట బాగానే కూస్తాయి. కోల్డ్ రూమ్‌లోకి తీసుకుపోతే మూగబోతాయి. గోడలు జానెడు మందం, రెండువైపులా రేకు. సిగ్నల్ ఎక్కడ దూరుతుంది?"

"మరి లోపలి పెట్టెల్ని ఎలా స్కాన్ చేస్తున్నారు?"

"బయటికి తెస్తాం, కొడతాం, మళ్లీ లోపల పెడతాం."

"టీకాల పెట్టెలు కూడానా? వెచ్చబడవూ?"

"పడతాయి. అది రాయకమ్మా."

"రాయకపోతే లోపల సిగ్నల్ కావాలని ఎలా చెప్పను?"

"సిగ్నల్ కావాలని రాయి. ఎందుకో రాయకు."

"అలా కుదరదండీ. ఎందుకో లేకపోతే హెడ్డాఫీసు వాళ్లు దాన్ని కిందికి తోసేస్తారు."

"వాళ్లని అడిగావా, వాళ్లకేం కావాలో?"

"మూడు రోజులు కూర్చున్నాను వాళ్లతో."

"ఏం కావాలంట మహానుభావులకి?"

"ఎండీ గారి గదిలో వీడియో మీటింగు ఒక్క క్షణం కూడా ఆగకూడదట. పోయిన నెల్లో ఎవరో పెద్దవాళ్లతో మాట్లాడుతుంటే మధ్యలో ఆగిపోయిందట. ఆయన మొహం నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయిందట, అయిదు నిమిషాలు."

"అయ్యో పాపం. అయిదు నిమిషాలే! ప్రాణాలు నిలిచాయా?"

"నవ్వకండి."

"నవ్వట్లేదమ్మా. అది ఎక్కడ రాశావు?"

"మా ఫారంలో మూడు గళ్లుంటాయండీ. మొదటిది తప్పనిసరి. రెండోది ఉంటే మంచిది. మూడోది తర్వాత చూద్దాం. ఎండీ గారి వీడియో మొదటి గడిలో వేయమన్నారు."

"మూడో గడిలో వేసినవాటిని తర్వాత చూస్తారా?"

"…నేనింతవరకు చూడలేదు."

"ఇన్నాళ్లకి ఒక నిజం చెప్పే మనిషి దొరికింది. అడుగు, అడుగు."

"ఇక్కడ లైను ఆగిపోతే ఎంతసేపు ఓర్చుకోగలరు? ఒక్కోదానికి చెప్పండి. బిల్లింగు?"

"రెండు గంటలు. లారీ డ్రైవర్లు అమ్మానాన్నల్ని కలిపి తిడతారు. మాకు అలవాటే."

"స్టాకు లెక్క?"

"ఒక పూట. పుస్తకంలో రాసుకుంటాం."

"కోల్డ్ రూమ్ టెంపరేచరు మీటరు?"

"పావుగంట. ఆ తర్వాత ఎవరో ఒకరు అక్కడే నిలబడి చూసుకోవాలి."

"కోల్డ్ రూమ్ బెల్లు? లోపల ఎవరైనా ఇరుక్కుంటే నొక్కుతారే, ఎర్ర బటన్. దాని బెల్లు. అది ఎంతసేపు ఆగితే పర్వాలేదు?"

"టీ తాగుతావా?"

"వద్దండీ. బెల్లు…"

"తాగమ్మా. చక్కెర లేకుండా కూడా ఉంటుంది. పొద్దుట్నుంచీ తిరుగుతున్నావు."

"ఇది రాసుకుంటే అయిపోతుంది. ఒక నంబరు చెప్పండి చాలు. అయిదు నిమిషాలా, పదా?"

"ఎంతసేపు ఆగితే ఎన్ని వేళ్లు పోతాయని అడుగుతున్నావా?"

"…అర్థం కాలేదండీ."

"నీకు ఎవరూ చెప్పలేదా? మూడు రోజులు కూర్చున్నావు వాళ్లతో."

"రెండేళ్ల కింద ఏదో సంఘటన జరిగిందన్నారు. అంతకు మించి ఏం చెప్పలేదు."

"సంఘటన. బావుంది మాట. ఆ సంఘటన మా ఇంట్లోనే ఉంటుందమ్మా. పొద్దున్నే లేస్తుంది. మా మరదలు మొహం కడిగి, చొక్కా గుండీలు పెట్టి, ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది. నా తమ్ముడు."

"…నాకు తెలీదండీ. క్షమించండి."

"నువ్వేం చేశావు, క్షమించడానికి. వాడూ ఇక్కడే పనిచేసేవాడు, నా కిందే. పట్టపగలు, రెండున్నర. లోపలికి వెళ్లాడు, ఆర్డరు పెట్టెలు తీయడానికి. తలుపు మూసుకుంది. లోపలి హ్యాండిల్ చుట్టూ మంచు పేరుకుని బిగుసుకుపోయింది. మార్చమని అడిగి మూడు నెలలయింది అప్పటికి."

"బెల్లు నొక్కలేదా?"

"నొక్కాడు. నొక్కకుండా ఉంటాడా? అప్పుడే ఆ వసారాలో ఉన్న నెట్‌వర్క్ పెట్టె నిలువునా బిగుసుకుపోయింది. లైట్లు వెలుగుతున్నాయి, పని మాత్రం సున్నా. కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి."

"బెల్లు కూడా అదే పెట్టె మీద ఉందా?"

"ఉంది. ఆ గొడవలో అదెవడికి గుర్తొస్తుంది? లారీలు గేటు దాకా నిలబడ్డాయి. నేను ఈ ఫోన్లో, ఇదిగో, ఇదే ఫోన్లో, హెడ్డాఫీసు వాళ్ల మీద అరుస్తున్నాను. బిల్లులు ఆగిపోయాయి బాబూ, బిల్లులు ఆగిపోయాయి అని. ఈ గోడకి అటుపక్క వాడు బెల్లు నొక్కుతున్నాడు. ఈ గోడకే."

"ఎంతసేపు?"

"గంటా నలభై నిమిషాలు. చివరికి ఎవరో పెట్టె ఆపి మళ్లీ వేయండన్నారు. వేశాం. వేయగానే ముందు ఏం వచ్చిందో తెలుసా? కంప్యూటర్లు కాదు. బెల్లు. మోగుతూనే ఉంది. వాడు ఇంకా నొక్కుతూనే ఉన్నాడు. మోచేత్తో."

"మోచేత్తో…"

"గ్లౌజులు తీసేశాడమ్మా. గ్లౌజులతో హ్యాండిల్ పట్టు దొరకదని ఒట్టి చేతుల్తో లాగాడు. ఆ ఇనుము అక్కడ సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉంటుంది. రెండు చేతులకీ కలిపి ఏడు వేళ్లు తీసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా. మావాడివి కాలనైనా లేదు. గడ్డకట్టాయి. ఇప్పుడు నువ్వొచ్చావు ఆకులు పట్టుకుని."

"ఇప్పటికైనా సరిగ్గా వేద్దామండీ. బెల్లుకి విడిగా లైను, దానికో బ్యాటరీ. ఆ పెట్టెతో సంబంధం లేకుండా. మొదటి గడిలో."

"అదే మాట ఆ కళ్లజోడాయనకీ చెప్పాను! బెల్లుకి విడిగా లైను వేయమని. వాడు రాసుకుంటేనా."

"చెప్పారా?"

"చెప్పాననే కదా అంటున్నాను."

"అంటే… బాగా గుర్తుందా మీకు? ఆరేళ్లయింది కదా, అందుకని."

"ఎందుకలా అడుగుతున్నావు?"

"ఏం లేదండీ. పోనీండి, టెంపరేచరు మీటరు సంగతి…"

"ఆగు. ఆ ఫైల్లో ఏముంది?"

"పాత డిజైన్ కాగితాలు. హెడ్డాఫీసు వాళ్లు ఇచ్చారు."

"ఆయన రాసుకున్నవా? ఆ కళ్లజోడాయన?"

"అవుననుకోండి. కానీ అందులో అంతా వైర్ల గొడవే."

"బెల్లు గురించి ఉందా?"

"అది తర్వాత చూద్దామండీ."

"ఉంది కదా? చదువు. నేను చెప్పింది కొట్టేసి ఏం రాసుకున్నాడో వింటాను. మా మరదలికి వెళ్లి చెప్తాను. రెండేళ్లుగా అడుగుతోంది, బావగారూ, మీరు చెప్పినా వాళ్లు ఎందుకు వినలేదు అని. చదువు."

"ఇప్పుడెందుకండీ అదంతా."

"చదవమ్మా!"

"'కోల్డ్ రూమ్ బెల్లు. విడి లైను, బ్యాటరీ అవసరమా? అవసరం లేదు. లోపలికి ఎప్పుడూ ఇద్దరు వెళ్తారు, ఒకరు తలుపు దగ్గరే ఉంటారు. మామూలు లైను చాలు. మూడో గడి.'"

"దొంగ వెధవ. ఎవడు చెప్పాడంట ఆ మాట వాడికి? పేరు రాయలేదా?"

"రాశారు. 'చెప్పినవారు: గోడౌన్ సూపర్‌వైజరు.' కింద మీ సంతకం ఉంది."

"ఏదీ, ఇటు చూపించు."

"ఇదిగోండి. మంచినీళ్లు తాగండి."

"ఇంకోసారి చదువు."

"వద్దండీ."

"చదవమన్నాను."

"'లోపలికి ఎప్పుడూ ఇద్దరు వెళ్తారు, ఒకరు…'"

"చాలు. చాలు. ఆపు. రూలు అదేనమ్మా. అదిగో, తలుపు మీద బోర్డు కూడా ఉంది. ఇద్దరికి తక్కువ లోపలికి పోరాదు. ఆయన అడిగాడు, నేను రూలు చెప్పాను. తప్పా?"

"ఆయన అడిగింది రూలు కాదేమో."

"మేనేజరు పక్కనే కూర్చున్నాడు. నువ్వు కూర్చున్నావే, దానికి కాస్త ఇవతల. ఏం చెప్పమంటావు? సార్, ఇరవైయారుమంది చేయాల్సిన పని ఇరవైరెండుమందితో లాగుతున్నాను, ఇద్దర్ని పంపే దిక్కులేదు, ఒక్కొక్కణ్నే పంపుతున్నాను, రూలు తప్పుతున్నది నేనే అని ఆయన మొహం మీదే చెప్పమంటావా? అప్పుడే కొత్తగా సూపర్‌వైజర్ని చేశారు నన్ను. మూడు నెలలు కాలేదు."

"కానీ ఇందాక… విడి లైను అడిగానన్నారు."

"అడగాలనుకున్నాను. ఆ రోజు రాత్రి ఇంటికెళ్లాక అనుకున్నాను, అయ్యో, అడిగుంటే బావుండేదని. అనుకుని అనుకుని… ఎప్పుడో అడిగినట్టే అయిపోయింది. ఇంట్లో చెప్పాను. వాడికి చెప్పాను. వాడు నమ్మాడు. ఊరికే నమ్మడం కాదు, ఎవరొచ్చినా చెప్తాడు, మా అన్నయ్య ముందే మొత్తుకున్నాడు, వీళ్లే వినలేదు అని. నాకూ నిజమే అనిపించేది. నువ్వు చదివేదాకా."

"ఆ రోజు మీ తమ్ముణ్ని లోపలికి పంపింది ఎవరు?"

"…టీ చల్లారిపోయింది."

"తెప్పించనే లేదు కదండీ టీ."

"నేనే. నేనే పంపాను. వేరేవాణ్ని పంపితే బోర్డు చూపిస్తాడు, ఇంకొకణ్ని ఇవ్వమంటాడు. తమ్ముడు కదా, ఎదురు చెప్పడు. 'పోరా, రెండు నిమిషాల పని' అన్నాను. 'సరే అన్నయ్యా' అన్నాడు. అంతే. వచ్చేటప్పుడు వాడికి… ఆగు. ఎవరో వస్తున్నారు. మేనేజరు గారు. కాగితం లోపల పెట్టు."

"ఏం పెద్దాయనా, మేడమ్‌కి పాత పురాణాలు వినిపిస్తున్నావా?"

"లేద్సార్. కంప్యూటర్ల లెక్క చెప్తున్నాను. కూర్చోండి సార్."

"కూర్చోను, పనుంది. అయిపోయిందా మేడమ్?"

"ఒక్కటి మిగిలింది మేనేజరు గారూ. కోల్డ్ రూమ్ బెల్లు. లోపలికి రోజూ ఎంతమంది వెళ్తారు?"

"బోర్డు మీద ఉందిగా. ఇద్దరు."

"బోర్డు మీదది కాదండీ. నిజంగా జరిగేది."

"ఇక్కడ బోర్డు మీద ఉన్నదే జరుగుతుంది మేడమ్. నా మాట నమ్మకపోతే ఈయన్నే అడగండి. ఈ తలుపు ముందే జుట్టు నెరిసింది. చెప్పు పెద్దాయనా, ఎంతమంది? ఏమయ్యా, నిన్నే."

"ఇద్దరు సార్."

"గట్టిగా చెప్పు. మేడమ్ రాసుకోవాలి."

"ఇద్దరేనమ్మా. లోపలికి ఎప్పుడూ ఇద్దరే వెళ్తారు."

"విన్నారుగా. బెల్లుని మామూలు లైన్లోనే ఉంచేయండి. ఎండీ గారి గదికి రెండో లైను వేయాలంటున్నారు, ముందు అది చూడండి."

"మేనేజరు గారూ, రెండేళ్ల కింద అదే లైన్లో ఉండబట్టే…"

"రెండేళ్ల కింద జరిగింది ఒకడి మొండితనం మేడమ్. లైన్ల తప్పు కాదు. విచారణ జరిగింది, కాగితం ఉంది, అంతా తేలిపోయింది. కావాలంటే ఈయన్ని అడగండి, ఇంటి మనిషే. నాలుగింటికి నా గదికి ఫారం తెచ్చేయండి, సంతకం పెట్టేస్తాను. వస్తా పెద్దాయనా."

"మంచిది సార్. …వెళ్లిపోయాడా అమ్మా?"

"వెళ్లిపోయారు. ఇప్పుడే కదండీ! ఈ కుర్చీలో కూర్చుని, ఇప్పుడే కదా మీరు…"

"అరవకు. రాసుకో. ఇద్దరని రాసుకో."

"ఈ నిమిషంలో లోపల ఎంతమంది ఉన్నారు? సూపర్‌వైజర్ గారూ. ఈ గోడకి అటుపక్క. ఇప్పుడు."

"ఒకడు."

"ఆ పెట్టె మారిందా?"

"లేదు. రోజుకోసారి ఆపి వేస్తున్నాం. తలుపు హ్యాండిల్ మార్చారు, అదొక్కటి."

"అయితే నేను ఒకరు అనే రాస్తాను. మొదటి గడిలో వేస్తాను. మీ పేరు రాయను. నా కళ్లతో చూశానని రాస్తాను."

"వద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను. నువ్వు పేరు రాయకపోయినా, ఆ మాట ఒక్కటి బయటికొస్తే చాలు. రోజూ ఒకణ్నే పంపుతున్నారంటే ఆ విచారణ కాగితం నిలవదు."

"ఏముంది ఆ కాగితంలో?"

"ఏముంటుంది. వాడు చెప్పినట్టుగా ఉంది. 'సూపర్‌వైజరు వద్దన్నా వినకుండా, రూలుకి విరుద్ధంగా, నా అంతట నేనే ఒంటరిగా లోపలికి వెళ్లాను. తప్పు పూర్తిగా నాది.'"

"మీ తమ్ముడు అలా చెప్పారా?"

"కాగితంలో ఉంది."

"చెప్పారా లేదా?"

"మూడో రోజు అది. ఆస్పత్రిలో. మత్తుమందు మీద ఉన్నాడు. ఏవో మూలుగులు తప్ప మాటలెక్కడివి వాడికి? మేనేజరు గారే టైపు చేయించి తెచ్చారు. దీని మీద సంతకం అయితే ఆస్పత్రి ఖర్చు కంపెనీది, నీ ఉద్యోగానికి ఢోకా లేదు, లేకపోతే ఇద్దరన్నదమ్ములూ రోడ్డు మీదే అన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా మరదలు బయట బెంచీ మీద కూర్చుని ఉంది, చూస్తూ."

"అయితే ఆ కాగితం అబద్ధమని తేలడమే మంచిది కదండీ. మీ తమ్ముడి మీద పడ్డ నింద పోతుంది. ఆయనకి న్యాయంగా రావాల్సింది వస్తుంది. మీ ఉద్యోగం పోతే పోనీయండి, ఆయన మొహం చూడండి. ఆయనే ముందుకొచ్చి చెప్పొచ్చు, అందులో ఉన్నది నేను అనలేదు అని."

"వాడికి తెలిస్తే కదమ్మా, అలాంటి కాగితం ఒకటుందని."

"తెలియకపోవడమేమిటి? చదివి వినిపించలేదా?"

"వినిపించారు. మాట మాటకీ ఆగి మరీ వినిపించారు."

"మరి? విన్నాకే కదా సంతకం పెట్టింది?"

"విన్నాకే పెట్టింది."

"మత్తులో ఉన్న మనిషి ఎలా పెట్టారు?"

"వాడి చేతులు రెండూ మోచేతుల దాకా కట్టులో ఉన్నాయి కదమ్మా. విన్నది నేను. వాడి పేరు నేనే రాశాను."